ఒక్క గీతలో మెలికల ముగ్గు: గీయకముందే లెక్క తేల్చుకోవడం ఎలా?

ఓ ధనుర్మాసం పొద్దున్నే వాకిట్లో 6 చుక్కలు, 6 వరుసలు పెట్టి మెలికల ముగ్గు మొదలుపెట్టాను. ఒక్క గీతలోనే పూర్తి చేయాలని పంతం. నాలుగు మలుపులు తిరిగేసరికి గీత మొదలైన చోటికే వచ్చి మూసుకుపోయింది. ఇంకా బోలెడు చుక్కలు మిగిలే ఉన్నాయి. చెరిపేసి ఇంకో మూల నుంచి మొదలెట్టాను. మళ్లీ అంతే. పక్కింటి పిన్నిగారు గేటు మీద చేతులు పెట్టుకుని చూసి, "ఎక్కడో తప్పావమ్మాయ్, చూసుకో" అన్నారు.

నేనెక్కడా తప్పలేదు. 6×6 చుక్కలకు ఎవరు గీసినా ఆరు విడి చుట్లే వస్తాయి. అదే 7×6 పెట్టి ఉంటే మొత్తం ఒక్క గీతలో అయిపోయేది. ఇది హస్తవాసి వల్ల వచ్చేది కాదు, ఆరో తరగతిలో మార్కుల కోసం బట్టీపట్టిన గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెండు సంఖ్యల్నీ నిశ్శేషంగా భాగించే అతిపెద్ద సంఖ్య) వల్ల వచ్చేది. ఎన్ని గీతలు పడతాయో ముందే లెక్కగట్టడం, ఆ సంఖ్య నచ్చకపోతే మార్చుకోవడం, ఆ తర్వాత దాన్ని గోడకు తగిలించుకునేంత బొమ్మగా తీర్చడం ఎలాగో ఇక్కడ చెబుతాను.

ముందు కాగితం మీదే చేయండి. చిన్నపిల్లల లెక్కల గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు, నాలుగైదు రంగుల స్కెచ్ పెన్నులు చాలు. నేల సంగతి చివర్లో.

చుక్కలు పెట్టడం

ఇక్కడ చెప్పేదంతా ఎదురు చుక్కల గురించి, అంటే చుక్క కింద చుక్క సూటిగా వచ్చే నిండు చతురస్రం లేదా దీర్ఘచతురస్రం గురించి. పై రెండు చుక్కల సందులో కింది చుక్క పడే సందు చుక్క ముగ్గులకు గీతల లెక్క ఇలా సుళువుగా తేలదు.

మొదటిసారి 3 చుక్కలు, 2 వరుసలు చాలు. నోట్‌బుక్‌లో అడ్డంగా 6 గళ్లు, నిలువుగా 4 గళ్లు ఉండే పెట్టె గీయండి. చుక్కల సంఖ్యకు రెట్టింపు గళ్లు, ఇదే కొలత ఎప్పుడూ. గళ్ల మూలల మీద చుక్కలు పెట్టండి: పెట్టె అంచు నుంచి ఒక గడి లోపలికి మొదటి చుక్క, అక్కడి నుంచి రెండేసి గళ్ల దూరంలో మిగతావి. మూడు చుక్కలు కింద వరుసలో, మూడు పై వరుసలో. చుక్క ఎప్పుడూ గడి మూల మీదే పడాలి. గడి మధ్యలో పెట్టారంటే తర్వాత ఏదీ కుదరదు. (నేను రెండు పేజీలు ఇలాగే పాడు చేశాను.)

గీత తిప్పడం

కింద వరుసలో మొదటి చుక్కకు సరిగ్గా కింద, పెట్టె అంచు మీద పెన్సిల్ ఆనించండి. అక్కడి నుంచి కుడివైపు పైకి ఏటవాలుగా, ఒక్కో గడిని మూల నుంచి మూలకు కోస్తూ వెళ్లండి. క్యారమ్స్ ఆడినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. స్ట్రైకర్ అంచుకు కొట్టుకుని ఎలా తిరుగుతుందో ఈ గీత కూడా పెట్టె అంచు తగలగానే అలాగే తిరుగుతుంది.

మొదటి కొన్ని మలుపులు కలిసి వేద్దాం. గీత కింద వరుసలో మొదటి, రెండో చుక్కల నడుమ నుంచి దూరి, ఇంకా పైకి పోయి, పై వరుసలో మూడో చుక్క నెత్తి మీద అంచుకు తగులుతుంది. అక్కడ తిరిగి ఒక్క గడి దిగగానే కుడి గోడ. మళ్లీ తిరిగి మూడు గళ్లు ఎడమకు దిగితే, కింద వరుసలో రెండో చుక్క కాళ్ల దగ్గర నేల తగులుతుంది. అక్కడి నుంచి ఎడమకు పైకి మూడు గళ్లు వెళ్తే ఎడమ గోడ, పై చుక్క పక్కన. ఇంకొక గడి ఎక్కితే పై అంచు. ఇక అక్కడి నుంచి మీరే తిప్పండి. పెట్టె అంచులకు మొత్తం పది చోట్ల తగిలి, మొదలుపెట్టిన చోటికే వచ్చి మూసుకోవాలి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునే పద్ధతి ఒకటుంది, మొత్తం మీద నాకు బాగా నచ్చిందీ అదే. పెట్టెలో 24 గళ్లున్నాయి కదా. ప్రతి గడిలో ఒకే ఒక్క ఏటవాలు గీత ఉండాలి. ఏ గడిలోనైనా రెండు గీతలు కత్తెరలా పడితే దారి తప్పినట్టు. ఏ గడైనా ఖాళీగా ఉండిపోతే తప్పేమీ లేదు, ఇంకో చుట్టు మిగిలి ఉందన్నమాట. ఆ ఖాళీ గడి నుంచి మరో రంగు పెన్నుతో మొదలుపెట్టండి. 3×2 లో ఖాళీ గడి ఒక్కటీ మిగలదు.

ఇప్పుడు కోసుగా ఉన్న మలుపుల్ని గుండ్రం చేయండి. అంచు దగ్గర గీత చుక్క చుట్టూ వంపు తిరగాలి, మూలల్లో చుక్కను చెవిలా చుట్టుకోవాలి. అప్పటిదాకా జ్యామితి హోంవర్కులా ఉన్నది ఒక్కసారిగా మన మెలికల ముగ్గు అయిపోతుంది.

ఎన్ని గీతలు పడతాయో ముందే చెప్పడం

సూత్రం ఒక్క ముక్క: అడ్డం చుక్కల సంఖ్య, వరుసల సంఖ్య, ఈ రెంటి గ.సా.భా. ఎంతో గీతలు అన్ని. 3×2, 5×4, 7×5 లకు గ.సా.భా. 1 కాబట్టి ఒకే గీత. 4×6 కు రెండు. 6×9 కు మూడు. 8×8 కు ఎనిమిది. చతురస్రం పెడితే ఎప్పుడూ వరుసకెన్ని చుక్కలో అన్ని చుట్లు. నా ధనుర్మాసం కష్టానికి కారణం అదే.

ఎందుకిలా అంటే, మళ్లీ గళ్లే జవాబు చెబుతాయి. 3×2 పెట్టె వెడల్పు 6 గళ్లు. గీత కుడికి పోయి, తిరిగి ఎడమకొచ్చి, మొదటి స్థానానికి చేరడానికి 12 అడుగులు (గడికొక అడుగు) పడుతుంది. ఎత్తు 4 గళ్లు కాబట్టి పైకెళ్లి కిందికి రావడానికి 8 అడుగులు. రెండూ ఒకేసారి కలిస్తేనే గీత మూసుకుంటుంది, అంటే 12, 8 ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) దగ్గర. అది 24. పెట్టెలో గళ్లూ 24. ఒక్క చుట్టుకే గళ్లన్నీ అయిపోయాయి, ఇంకో గీతకు చోటు లేదు. అదే 2×2 తీసుకోండి: 8, 8 ల క.సా.గు. 8. గళ్లు 16. కాబట్టి రెండు చుట్లు. 4×6 కు 16, 24 ల క.సా.గు. 48, గళ్లు 96, మళ్లీ రెండే. స్కూల్లో ఎవరైనా ఇలా చూపించి ఉంటే ఆ ఏడాది లెక్కలంటే నాకంత టెన్షన్ ఉండేది కాదేమో.

ఒక్క గీత ఖాయంగా రావాలంటే పక్కపక్క సంఖ్యలు ఎంచుకోండి: 5×6, 8×9, ఏవైనా సరే. కానీ అవి దాదాపు చతురస్రంలా ఉంటాయి. కాస్త పొడవాటి ఆకారం కావాలంటే ఫిబొనాచీ వరుస (ముందున్న రెండు సంఖ్యల్ని కూడితే తర్వాతిది వచ్చే వరుస) చూడండి: 2, 3, 5, 8, 13, 21. ఇందులో పక్కపక్కనున్న ఏ రెండింటికీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం ఉండదు. 8×5 గుమ్మం ముందు చక్కగా అమరుతుంది. 13×8 పెట్టేముందు మాత్రం నడుము సంగతి ఆలోచించుకోండి.

ఈ లెక్క మన ప్రాంతానికే పరిమితం కాదు. అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో వేలితో చుక్కలు పెట్టి, కథ చెబుతూ వాటి చుట్టూ గీత తిప్పుతారు. ఆ బొమ్మల్ని సోనా అంటారు. మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పౌలుస్ గెర్డెస్ వాటిని ఏళ్ల తరబడి పరిశీలించి, అంచుల్ని అద్దాలుగా, గీతను వాటిమీద పడి తిరిగొచ్చే కాంతికిరణంగా ఊహించుకోవచ్చని చూపించాడు. మన పక్కన మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ, ఆయన భార్య రాణి సిరోమనీ, కమలా కృతివాసన్‌తో కలిసి 1974 నాటికే తమిళ కోలాలను కంప్యూటర్ భాషల వ్యాకరణంలా సూత్రాల్లో పెట్టారు. ముగ్గంటే ఆడవాళ్ల పొద్దుపోక పని అని ఇంట్లో ఎవరైనా అంటే చెప్పడానికి పనికొస్తుంది.

గోడలు పెట్టి గీతల్ని కలపడం

అందరికీ చతురస్రమే కావాలి, అందులో ఒకే గీత కావాలి. కుదురుతుంది. అసలు మజా ఇక్కడే ఉంది.

పక్కపక్క చుక్కల నడుమ రెండు గీతలు దాటుకునే చోటును కూడలి అనుకుందాం. ఆ కూడలిలో చిన్న గోడ పెట్టండి. గోడ ఉన్నచోట గీతలు ఒకదాన్నొకటి దాటవు, గోడకు తగిలి వెనక్కి తిరుగుతాయి. గోడ రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి, రెండు చుక్కల మధ్య అడ్డుగోడ: అప్పుడు చుక్కలు వేరుపడి, వాటి నడుమ గీతలు వీపులు ఆనించుకున్నట్టు వంగుతాయి. రెండోది, ఒక చుక్క నుంచి ఇంకో చుక్క వైపు సాగే గోడ: అప్పుడు రెండు చుక్కలూ ఒకే గదిలోకి వచ్చి, పైనొక గీత, కిందొక గీత వాటిని కాపలా కాస్తున్నట్టుంటాయి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. రెండు వేర్వేరు చుట్లు దాటుకునే కూడలిలో ఏ రకం గోడ పెట్టినా ఆ రెండూ కలిసి ఒకటవుతాయి. అంటే నాలుగు చుట్లున్న 4×4 కు మూడు గోడలు చాలు. అంతకన్నా తక్కువతో కాదు.

4×4 వేసి చూడండి. 8×8 గళ్ల పెట్టె, 16 చుక్కలు. నాలుగు చుట్లను నాలుగు రంగుల్లో గీయండి. రంగులు వేరేగా ఉంటే ఏ కూడలిలో ఎవరెవరు కలుస్తున్నారో కళ్లకు కనబడుతుంది. చిన్న పనే కదా అని వదిలేయకండి, ఒకే రంగుతో గీసి తర్వాత వేలితో వెతుక్కోవడం నరకం. ఇప్పుడు కింద వరుస చూడండి. మొదటి చుక్క కింద ఎరుపు మొదలైతే, రెండో చుక్క కింద నీలం, మూడో చుక్క కింద ఆకుపచ్చ, నాలుగో చుక్క కింద నలుపు ఉంటాయి. వరుసగా మొదటి సందులో ఎరుపు-నీలం, రెండో సందులో నీలం-ఆకుపచ్చ, మూడో సందులో ఆకుపచ్చ-నలుపు దాటుకుంటాయి. ఆ మూడు సందుల్లోనూ ఒక్కో గోడ పెట్టండి. గొలుసు కొక్కేల్లా నాలుగూ కలిసిపోయాయి. మొత్తం ఒకే గీత, పైగా ఎడమ కుడి సమానంగా ఉంటుంది.

ఈ ఉపాయం ఏ చతురస్రానికైనా పనిచేస్తుంది. 5×5 కు కింద వరుసలో నాలుగు గోడలు, నా 6×6 కు ఐదు. అడ్డుగోడలు పెడితే కింద వరుస చుక్కలు రేకుల్లా విడివిడిగా విచ్చుకుంటాయి. రెండో రకం పెడితే కింద ఒక పొడవాటి గది వచ్చి, బొమ్మకు పీట వేసినట్టుంటుంది. నాకు రేకులే ఇష్టం.

ఇంకా గోడలు కావాలనిపిస్తే

కింద వరుసలో మాత్రమే గోడలుంటే పైభాగం వెలితిగా అనిపిస్తుంది. నాలుగు వైపులా పెట్టాలనిపిస్తుంది. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. ఒకే గీత తనను తానే దాటుకునే కూడలిలో గోడ పెడితే రెండు జరగొచ్చు: ఒక రకం గోడతో గీత ఒకటిగానే ఉంటుంది, ఇంకో రకంతో రెండు ముక్కలవుతుంది. ఏది ఏదో ఊహించి పెట్టకండి, ఇలా చూసుకోండి.

గీతను ఒక చోట మొదలుపెట్టి, నడిచిన దిక్కుకు బాణం గుర్తులు వేసుకుంటూ చివరిదాకా వెళ్లండి. ఇప్పుడు ప్రతి కూడలిలో రెండు బాణాలుంటాయి. రెండూ ఏటవాలువే కాబట్టి వాటికి ఒక ఉమ్మడి దిక్కు ఉండి తీరుతుంది: రెండూ పైకో, రెండూ కిందికో, రెండూ కుడికో, రెండూ ఎడమకో పోతుంటాయి. ఆ ఉమ్మడి దారికి ఎదురుగా, రోడ్డుకు అడ్డంగా గేటు వేసినట్టు గోడ పెడితే గీత తెగదు. దారి వెంబడి, డివైడర్‌లా పెడితే రెండు ముక్కలు. రెండూ పైకి పోతున్నాయనుకోండి, పడుకున్న గోడ క్షేమం, నిలబడిన గోడ ప్రమాదం.

ఒక గోడ పెట్టాక గీత నడిచే వరస మారిపోతుంది. కొన్ని బాణాలు తలకిందులవుతాయి. కాబట్టి ప్రతి గోడ తర్వాతా బాణాలు చెరిపి మళ్లీ వేసుకోవాలి. విసుగు పుట్టే పనే, కాదనను. నేను బొమ్మ మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి బాణాలు దానిమీద వేస్తాను. గోడ మారితే కాగితం మారుస్తాను, అసలు బొమ్మ మీద రబ్బరు మరకలు పడవు. గోడల నియమాలు మాత్రం చుక్కలు ఎలా పెట్టినా ఒకటే. సందు చుక్క ముగ్గుల్లో గ.సా.భా. పనికి రాకపోయినా, రంగులతో చుట్లు లెక్కపెట్టుకుని గోడలతో కలపొచ్చు.

బొమ్మగా తీర్చడం

గోడకు తగిలించే బొమ్మకు మంచి మందపాటి డ్రాయింగ్ షీటు తీసుకోండి. చుక్కల మధ్య 4 సెంటీమీటర్లు ఉంటే గీతకు వెడల్పు ఇవ్వడానికి చోటుంటుంది. పెన్సిల్ గీతకు అటూ ఇటూ సమాన దూరంలో ఇంకో రెండు గీతలు గీసి, మధ్య గీతను చెరిపేస్తే అది పట్టీ అవుతుంది. ఇప్పుడు పట్టీ వెంట నడుస్తూ ఒక కూడలిలో పైనుంచి, తర్వాతి కూడలిలో కింద నుంచి పోనివ్వండి. చాప అల్లినట్టు పైన, కింద, పైన, కింద. చివరికి వచ్చేసరికి ఎక్కడో రెండు పైలు గుద్దుకుంటాయని భయం వేస్తుంది. గుద్దుకోవు. మూసుకున్న గీతతో ఇలా అల్లితే ఎప్పుడూ పొంతన కుదురుతుంది. ఎక్కడైనా కుదరకపోతే ఒక కూడలి లెక్క తప్పారని అర్థం, వెనక్కి నడవండి. గోడ ఉన్నచోట దాటడం లేదు కాబట్టి అక్కడ పైన-కింద లెక్కలోకి రాదు.

పట్టీ వద్దు, రంగులు నింపుతానంటే అదింకా సులువు. చుక్క ఉన్న గదులకు ఒక రంగు, చుక్క లేని గదులకు ఇంకో రంగు. రెండే రంగులు. ఒకే రంగు గదులు రెండు గీతకు అటూ ఇటూ పడే ప్రసక్తే లేదు, గోడలు ఎన్ని పెట్టినా సరే, ఎందుకంటే గీతలోని ప్రతి ముక్కకూ ఒక పక్క చుక్క, ఇంకో పక్క ఖాళీ మూల ఉంటాయి. బయటి కాగితం కూడా చుక్క లేని గదే, కాబట్టి రెండో రంగు వద్దనుకుని తెల్లగా వదిలేస్తే గదులు కాగితంలోంచి చెక్కినట్టు కనిపిస్తాయి. నేను ఎర్రమట్టి రంగు, తెలుపు మాత్రమే వాడతాను. ఏడెనిమిది రంగులు నింపితే గీత చచ్చిపోతుంది. ముగ్గుల పోటీల్లో జడ్జీలు ఒప్పుకోకపోవచ్చు, అది వేరే విషయం.

నేల మీద

నేల మీద గళ్లుండవు, పెట్టె ఉండదు. వాటి బదులు చెయ్యి రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలి: రెండు చుక్కల నడుమ ఏటవాలుగా దూరు, అంచుకొస్తే చుక్కను చుట్టి తిరుగు. చుక్కల మధ్య జానెడు దూరం ఉంచండి. బెత్తెడు పెడితే పిండి గీత లావుకు కూడళ్లు ముద్దయిపోతాయి. కళ్లాపి చల్లిన నేల మరీ తడిగా ఉంటే పిండి కరిగిపోతుంది, పూర్తిగా ఆరితే గాలికి లేస్తుంది. తడి మెరుపు పోయి చెమ్మ మిగిలినప్పుడు మొదలుపెట్టండి. గోడలు పెట్టే కూడళ్లలో ముందుగానే చిటికెడు పసుపు వేసుకుంటే చెయ్యి అలవాటు కొద్దీ దాటేయదు.

చెయ్యి ఎత్తకుండా అనేది మాటవరసకే. పిండి అయిపోతుంది, మళ్లీ పిడికెడు తీసుకోవాలి. ఎక్కడ ఆపారో చూసుకుని అదే దిక్కులో అందుకుంటే చాలు. ఇంకొకటి, మొదలుపెట్టేముందు ఎక్కడ నిలబడతారో చూసుకోండి. గీత బొమ్మంతా తిరుగుతుంది కాబట్టి మీరూ తిరగాల్సిందే. పై వరుసతో మొదలెట్టి ఒక్కో వరుసా పూర్తి చేస్తూ వెనక్కి జరిగే అలవాటున్నవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. 5×4 వరకూ బయట నిలబడి వంగితే అందుతుంది. 8×5 కు చుక్కల మధ్యలో కాళ్లు పెట్టక తప్పదు, అందుకే ఆ రోజు చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోండి. నేను దోపుకోలేదు, మూడో వరుస మొత్తం కుచ్చిళ్లతో తుడిచేసి మళ్లీ పెట్టాను.